అమ్మకి దక్కని దండ

హలో! ఆ, వినబడుతోంది, చెప్పండి. కాదు కాదు, చెప్పాల్సింది నేనే కదా! కిందటివారం సరిగ్గా మధ్యలో కోసేశానని చాలామంది తలంటారు. ఒక పెద్దావిడైతే, "నీకు పుణ్యముంటుంది, ఆ గోడ సంగతేమైందో చెప్పి చావు నాయనా" అంది. అలాగే తల్లీ, చెబుతున్నా. పొయ్యి మీద ఏమైనా ఉంటే కట్టేసి వచ్చి కూర్చోండి.

గుర్తుంది కదా. పూలకొట్టు వాళ్ళ చిన్నమ్మాయి, కొట్టుకి సెలవున్న రోజు చూసి, లోపలి తెల్లగోడ మొత్తం పూలరసంతో నింపేసింది. తల్లి పోయినప్పటి నుంచీ నోట్లో మాట నోట్లోనే దాచుకున్న పిల్ల, గోడ మీద కక్కేసింది. పొద్దున్నే షట్టరెత్తిన తండ్రి ఆ గోడ చూశాడు. వచ్చిన కాళ్ళతోనే వెనక్కి వెళ్ళి, గోడలకి రంగులేసే మనిషిని వెంటబెట్టుకొచ్చాడు.

ఇక అక్కణ్ణుంచి వినండి.

*

"నిచ్చెన ఎక్కడ వెయ్యమంటారు సార్?" అన్నాడు పెయింటరు.



తెల్లరంగు డబ్బా కొట్టు మధ్యలో మూత తీసి ఉంది. పక్కనే రోలరు. గోడకి వీపు ఆనించి, రెండు చేతులూ బారగా చాపి చిన్నది నిలబడి ఉంది. గోడ ఇంకా పూర్తిగా ఆరలేదు. పూలరసం ఆమె చొక్కా వీపుకి అంటుకుంటోంది. ఆ సంగతి ఆమెకి తెలుస్తూనే ఉంది. అయినా కదల్లేదు.

"జరుగమ్మా," అన్నాడు తండ్రి.

"జరగను."

"మనిషి పని కోసం వచ్చి నిలబడ్డాడు."

"నిలబడనీ. నేనూ నిలబడ్డాను కదా."

"చూడు చిన్నదానా, నాకు కోపం తెప్పించకు."

"నీకు కోపం తెప్పించడానికే వేశాననుకుంటున్నావా?"

"ఎందుకు వేశావో నాకనవసరం. ఆ గోడ తెల్లగా ఉండాలి. అంతే."

ఆయన అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. ఆ కొట్టుకి ఆ గోడే మొహం. తయారైన ప్రతి బొకేనీ ఆ తెల్లగోడ ముందు స్టూలు మీద పెట్టి, ఫొటో తీసి, కొనేవాళ్ళకి పంపిస్తారు. బాగుందంటే బండెక్కిస్తారు. ఊళ్ళో జరిగిన పెళ్ళిళ్ళ పూలన్నీ ఒకసారి ఆ గోడ ముందు నిలబడి వెళ్ళినవే.

ఇప్పుడా గోడ తెల్లగా లేదు. కింద బంతిపూల పసుపు. అది పైకి పోతూ పోతూ పల్చబడి, మరిగించిన గులాబీల వంకాయరంగులో మునిగిపోయింది. ఆ వంకాయరంగు ఒకచోట ముద్దగా పడి ఉంది. ఇంకోచోట అరచేత్తో ఈడ్చుకుంటూ పోయినట్టు చారలుగా ఉంది. పక్కన ఆకులు నలిపి రుద్దిన పచ్చ. మనిషి లేడు, చెట్టు లేదు, ఇల్లు లేదు. ఇదీ అని వేలుపెట్టి చూపించడానికి ఏమీ లేదు.

కానీ పెయింటరు మాత్రం వచ్చిన దగ్గర్నుంచీ నిచ్చెన పట్టుకుని దాన్నే చూస్తున్నాడు.

లోపలినుంచి మేనత్త టీ గ్లాసులు పట్టుకొచ్చింది. మరదలు పోయినప్పటి నుంచీ ఆవిడ ఇక్కడే ఉంటోంది. ఆ ఇంట్లో వంటా ఆవిడదే, తీర్పులూ ఆవిడవే.

గోడ వైపు తల అటు వాల్చి చూసింది. ఇటు వాల్చి చూసింది.

"ఏమే, ఇది నువ్వే తలకిందులుగా వేశావా, నేనే తలకిందులుగా చూస్తున్నానా?"

"ఎటునుంచి చూసినా పర్లేదత్తా."

"బొమ్మంటే ముక్కూ మొహం ఉండాలి కదే!"

"దుఃఖానికి ముక్కుంటుందా అత్తా?"

"ఎందుకుండదూ? కారుతుంది కూడా."

కౌంటరు దగ్గర గులాబీ కాడలకి ముళ్ళు తీస్తున్న పెద్దమ్మాయి ఫక్కుమంది. వెంటనే తల దించేసుకుంది. పెయింటరు మొహానికి టీ గ్లాసు అడ్డం పెట్టుకున్నాడు.

తండ్రి నవ్వలేదు. "నువ్వూరుకో అక్కా. దానికి అలుసిచ్చేది నువ్వే."

"నేనేమిచ్చాన్రా? చిన్నప్పుడు నాన్న నిన్ను కొట్టిన రోజు, మన ఇంటి గోడ మీద బొగ్గుతో నువ్వేం గీశావో నేనెవరికైనా చెప్పానా?"

"ఏం గీశాడత్తా?" అంది పెద్దది తలెత్తకుండానే.

"గాడిద. కింద నాన్న పేరు."

"దానికి కనీసం చెవులున్నాయి!" అన్నాడు తండ్రి. "చూస్తే గాడిదని తెలిసేది. దీన్ని చూసి ఏమని తెలుసుకోవాలి? పెద్దదానా, కొట్టు నడిపేది నువ్వు. నువ్వు చెప్పు దానికి."

కొట్టు నడిపేది పెద్దదే. ఆర్డర్లు తీసుకోవడం, బండి మాట్లాడటం, అలిగిన పెళ్ళివాళ్ళని బుజ్జగించడం, అన్నీ ఆమే. తల్లి పోయాక ఇల్లు కూడా ఆమే నడుపుతోంది. ఆమె కంటనీరు పెట్టగా చూసినవాళ్ళు లేరు. ధైర్యం గల పిల్ల అని అందరూ మెచ్చుకున్నారు.

"ఏం చెప్పను నాన్నా? వేసింది, అయిపోయింది. ఫొటోలు పక్కగోడ దగ్గర తీస్తాను. తెల్లదుప్పటి ఒకటి వేలాడేస్తే సరి."

"దుప్పటా! మన కొట్టుకి దుప్పటి గతి పట్టిందా?"

"కొన్నాళ్ళు ఉండనీ. అదేం అడుగుతోంది, అన్నమా, నీళ్ళా?"

"అయితే నీకు ముందే తెలుసన్నమాట."

"అక్కకి తెలీదు," అంది చిన్నది గోడ దగ్గర్నుంచి. "తాళాలు నేనే దొంగిలించాను."

"దొంగిలించలేదు," అంది పెద్దది. ఇంకో ముల్లు తీసింది. "నేనే ఇచ్చాను."

తండ్రి ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశాడు. "తోడుదొంగలు! మాట్లాడవే అంటే మాట్లాడదు. నెలల తరబడి మూగనోము పడుతుంది. తీరా నోరు విప్పాక గోడలకి చెప్పుకుంటుంది. మేం లేమూ? మనుషులం కామూ?"

"గోడ మధ్యలో అడ్డం రాదు నాన్నా," అంది చిన్నది.

ఆయనకి ఆ మాట సూటిగా తగిలింది. మొహం తిప్పుకున్నాడు.

తిప్పుకున్నాక ఇంకొకటి కనిపించింది.

"ఆ బల్ల మీద గుడ్డ ఎవరు తీశారు?"

గొంతు మారిపోయింది. అప్పటిదాకా అది కోపం. ఇప్పుడు వేరే.

ఆ కొట్టులో బల్లలు రెండు. కిటికీ పక్కది పెళ్ళిబల్ల. గోడవారగా ఉన్నది చావుబల్ల. ఆ పేర్లు పెట్టింది పోయిన తల్లే. పెళ్ళిబల్ల తండ్రిది, చావుబల్ల ఆవిడది. ఈ బల్ల కత్తెర ఆ బల్ల మీదికి పోకూడదు. ఆ బల్ల దారం ఈ బల్లకి రాకూడదు. తమాషా ఏమిటంటే, పెళ్ళిబల్ల దగ్గర కూర్చున్నాయన పొద్దస్తమానం చిటపటలాడుతూ ఉండేవాడు. చావుబల్ల దగ్గర కూర్చున్నావిడ కూనిరాగాలు తీసుకుంటూ దండలు చుట్టేది. "పెళ్ళివాళ్ళు వంకలు పెడతారు. పోయినవాళ్ళు పెట్టరు. నా పనే హాయి" అనేది.

ఆవిడ పోయాక ఆ బల్లకి గుడ్డ కప్పారు. చావుపూల కోసం ఎవరైనా వస్తే, "ఇప్పుడు చెయ్యడం లేదండీ" అని పెద్దది పంపించేస్తోంది.

ఇప్పుడు గుడ్డ మడతపెట్టి కుర్చీ మీద ఉంది. బల్ల మీద పూలు మరిగించిన గిన్నెలు, వడకట్టిన గుడ్డలు, పిప్పి.

"నేనే తీశాను," అంది చిన్నది. "చోటు కావాల్సొచ్చింది."

"చోటే దొరకలేదా ఇంకెక్కడా?"

"ఇది పెళ్ళిబల్ల పని కాదు కదా నాన్నా."

"నోర్ముయ్!"

పెయింటరు నిచ్చెన కిందకి దించాడు. "సార్, నేను కాసేపాగి వస్తాను. మీరు మీరు మాట్లాడుకోండి."

"ఎక్కడికీ వెళ్ళొద్దు!" అన్నాడు తండ్రి.

"టీ తాగి వెళ్ళు బాబూ, చల్లారిపోతుంది," అంది మేనత్త అదే ఊపులో.

పాపం, ఏ మాట వినాలో తెలీక ఆయన మడత నిచ్చెన విప్పి, దాని మెట్టు మీదే కూర్చుండిపోయాడు.

చిన్నది చాపిన చేతులు దించింది. ఇప్పుడు అరవలేదు. మామూలుగానే అంది.

"ఆ రోజు అమ్మకి దండ లేదు నాన్నా."

పెద్దదాని చేతిలో కాడ ఆగిపోయింది.

ఇన్నాళ్ళలో ఆ ఇంట్లో ఆ మాట అన్నవాళ్ళు లేరు. అన్నం దగ్గర అనలేదు, గొడవల్లో అనలేదు. దాని చుట్టూ తిరిగి నడిచారు. నేల మీద పగిలిన గాజు ముక్క ఉంటే నడుస్తామే, అలాగ.

ఊళ్ళో ఎవరు పోయినా దండ పంపించిన కొట్టు అది. ఆవిడ పోయిన రోజు కొట్టునిండా పూలే. బకెట్ల నిండా లిల్లీలు, చామంతులు, గులాబీలు. వచ్చినవాళ్ళంతా వట్టి చేతుల్తోనే వచ్చారు. పూలకొట్టు వాళ్ళింటికి మనం పూలు పట్టుకెళ్ళడమేంటి అని ఎవరికి వారే అనుకున్నారు. బండి కదిలాక చూసుకుంటే ఆవిడ మీద ఒక్క పువ్వు లేదు.

"నా వెనకాల ఎవరో అన్నారు," అంది మేనత్త నెమ్మదిగా. "పూలకొట్టు వాళ్ళింట్లో పూలకి కరువొచ్చిందేమిటీ అని. నా చెవులు ఆ పూటే పోతే బాగుండును అనుకున్నాను."

"మీ ఇద్దరిలో ఎవరో ఒకరు చూస్తారనుకున్నాను," అన్నాడు తండ్రి.

"నువ్వు చేస్తున్నావనుకున్నాం," అంది పెద్దది. "లోపలికెళ్ళి తలుపేసుకున్నావు కదా. దండ చుడుతున్నావనుకున్నాను."

"లోపల నేనేం చేస్తున్నానో నీకెలా తెలుసు?"

"తెలీదు. అందుకే అనుకున్నాను అంటున్నా."

"అడగొచ్చు కదా!"

"నువ్వు చెప్పొచ్చు కదా!"

"ఆపండి," అంది చిన్నది. "మీరిద్దరూ అబద్ధం చెబుతున్నారు. నేనూ ఇన్నాళ్ళూ నాకు నేను అదే అబద్ధం చెప్పుకున్నాను. అక్క చూస్తుందిలే అనుకున్నాను అని. అదేం కాదు."

"మరేంటి?"

"చావుదండ అమ్మ పని. ఎప్పుడు ఎవరు పోయినా అమ్మే చుట్టేది. మనం పూలు తెచ్చి బల్ల మీద పెట్టేవాళ్ళం, అంతే. ఆ రోజు కూడా అమ్మే చుట్టేస్తుందని కూర్చున్నాం నాన్నా, ముగ్గురం. పోయింది అమ్మే అన్న సంగతి మన చేతులకి తెలీలేదు."

తండ్రి పెళ్ళిబల్ల ముందు స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చున్నాడు అనడం కంటే, స్టూలు అక్కడుంది కాబట్టి కింద పడలేదు అనాలి.

ఫోను మోగింది. పూలు చూసుకోవడానికి వస్తామన్న పెళ్ళివాళ్ళు. పెద్దది తీసింది. "ఇవాళ వద్దండీ. రేపు రండి. ఏం లేదండీ, ఇంట్లో కొంచెం పనుంది." పెట్టేసింది. మళ్ళీ ముళ్ళు తీయడం మొదలుపెట్టింది.

ముళ్ళు టప్, టప్ మని పళ్ళెంలో పడుతున్నాయి.

తర్వాత తండ్రి లేచాడు. గోడ దగ్గరికి నడిచాడు. చిన్నది మళ్ళీ చేతులు చాపబోయింది. ఆయన ఆమెని చూడటం లేదు. ఆమె భుజం మీదుగా గోడని చూస్తున్నాడు. పొద్దుట్నుంచీ దాని మీద మండిపడ్డాడే గానీ దగ్గరికి రావడం ఇదే.

"ఇది బంతి," అన్నాడు.

"ఊఁ."

"ఇది మొన్న మిగిలిపోయిన ముదురు గులాబీ. ఇక్కడ ఎర్రబారిందేం? నిమ్మరసం పిండావా?"

"పిండాను."

"బంక ఎక్కువేశావు. పెచ్చులూడుతుంది." ఒక చార మీద వేలు పెట్టాడు. వేలు దానిమీదే పైదాకా పోయింది. "ఇక్కడ చేయి ఎందుకు జారింది?"

"జారలేదు. అక్కడ ఏడుపొచ్చింది."

ఆయన వేలు ఆగింది.

"ఇది నిలవదమ్మా. ఎండ పొడ తగిలితే నెల తిరక్కుండా వెలిసిపోతుంది. పూలరంగుని నమ్ముకోకూడదు. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను."

"నేనూ పూలకొట్టులోనే పుట్టాను నాన్నా. తెలుసు."

"తెలిసీ?"

"నిలవాలని వెయ్యలేదు. ఆ రోజు దండ వేసుంటే మాత్రం నిలిచేదా? సాయంత్రానికి వాడిపోయేది. ఇది కాస్త నిదానంగా వాడుతుంది. వాడుతుంటే రోజూ చూస్తాను. అమ్మ వెళ్ళడం నేను సరిగ్గా చూడలేదు. అంతా గబగబా అయిపోయింది."

మేనత్త చేతిగుడ్డ తీసి ముక్కు తుడుచుకుంది. ఎవరూ ఏమీ అనకముందే, "ఆ, కారుతోంది. అయితే ఏంటి?" అంది.

తండ్రి రెండడుగులు వెనక్కి వేశాడు. గోడ మొత్తం చూశాడు.

"బాగుంది," అన్నాడు.

చిన్నదాని కళ్ళు పెద్దవయ్యాయి.

"బాగుంది. నాకు మంట పుట్టింది కూడా అందుకే. పొద్దున షట్టరెత్తగానే ఇదే అనిపించింది, ఎంత బాగుందో అని. నీ దుఃఖం అందంగా ఉందమ్మా. చూసినవాళ్ళు నిలబడి చూస్తారు. నాది ఇలా లేదు. నాది కంపు కొడుతోంది."

ఆ మాట అని, వెనక ఉన్న చల్లగది వైపు నడిచాడు. పూలు వాడకుండా ఉంచే గది అది.

పెద్దది చటుక్కున లేచింది. ఒళ్ళో కాడలన్నీ కింద పడ్డాయి. "నాన్నా, వద్దు. అది తేవద్దు."

"ఏది తేవద్దు?" అంది చిన్నది. "అక్కా, ఏముందక్కడ?"



ఆయన మూతపెట్టిన బకెట్టు ఒకటి రెండు చేతులా పట్టుకుని వచ్చాడు. పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు నెమ్మదిగా తెచ్చాడు. కొట్టు మధ్యలో దించి మూత తీశాడు.

"ఓరి నాయనో!" అని మేనత్త గుడ్డ ముక్కుకే అదుముకుంది. "ఏమిట్రా అది? ఏం చచ్చింది అందులో?"

ఒకప్పుడవి లిల్లీలు. ఇప్పుడు కాడలన్నీ జావ. నీళ్ళు నల్లగా, పచ్చగా, జిగటగా.

"మీ అమ్మ పోకముందు, పొద్దున నీళ్ళు మార్చిన బకెట్టు ఇది," అన్నాడు తండ్రి. "కాడల చివర్లు ఏటవాలుగా కోసి, కొత్త నీళ్ళు పోసి, దీన్ని ఆ మూల పెట్టింది. ఆఖరిగా పెట్టింది ఇదే. మర్నాడు అన్ని బకెట్లకీ నేనే నీళ్ళు మార్చాను. దీనికి మార్చలేకపోయాను. మారిస్తే దాని చేతి పని ఇంకేం మిగిలుంటుంది?"

నీళ్ళు మార్చడం ఆ కొట్టులో ఆవిడ పెట్టిన చట్టం. నిన్నటి నీళ్ళు ఇవాళ కనిపిస్తే ఆవిడ ఊరుకునేది కాదు. మొగుణ్ణయినా సరే, కూతుళ్ళనయినా సరే, కడిగేసేది. ఆవిడ నీళ్ళనే ఆయన ఇన్నాళ్ళు కుళ్ళబెట్టుకున్నాడు.

"నాకు తెలుసు నాన్నా," అంది పెద్దది. "రోజూ దాని చుట్టూ తుడుస్తున్నాను."

"తెలిసి ఒక్కసారీ అడగలేదేం?"

"అడిగితే పారబోస్తావేమోనని."

ఆయన బకెట్టు ఎత్తాడు. గోడ వైపు తిరిగాడు. చిన్నది ఇంకా గోడ ముందే ఉంది.

"జరుగమ్మా," అన్నాడు.

పొద్దున అన్న మాటే. చిన్నది ఆయన కళ్ళలోకి చూసింది. ఈసారి జరిగింది.

ఆయన విసిరాడు.

ఆ నల్లనీళ్ళు వంకాయరంగు మీద పడి ఛెళ్ళుమన్నాయి. జావ అయిన కాడలు కొన్ని అంటుకున్నాయి, కొన్ని జారాయి. పసుపు మీదికి నల్లటి ధారలు దిగాయి. పెయింటరు ఎప్పుడెక్కాడో గానీ నిచ్చెన పై మెట్టు మీద ఉన్నాడు. మేనత్త కళ్ళు మూసుకుని వీధి గుమ్మం పట్టుకుంది.

కంపు. అలాంటి కంపు మీరు ఎరిగి ఉండరు. బయట దారిన పోతున్నవాళ్ళు అటువైపు పేవ్‌మెంటు మీదికి మారిపోయారు.

తండ్రి ఖాళీ బకెట్టు పట్టుకుని నిలబడ్డాడు. ఊపిరి ఎగపోస్తోంది.

చిన్నది వెనక్కి, ఇంకా వెనక్కి నడిచింది. ఒక కన్ను మూసి చూసింది.

"ఇంకొంచెం ఎడమకి పొయ్యాల్సింది నాన్నా."

ఆయన గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. మొదట అందరూ నవ్వనుకున్నారు. నవ్వుగానే మొదలైంది. మధ్యలో ఎక్కడో ఏడుపయింది. మళ్ళీ నవ్వయింది. "మొదటిసారి కదే! అంత కుదురుగా వస్తుందా?"

"వస్తుంది. చెయ్యి తిరిగితే వస్తుంది."

"చేసేవన్నీ చేసి, ఇప్పుడు నాకు పాఠాలు చెబుతోందిరా దేవుడా!" అని ఆయన కూతురి తల దగ్గరికి లాక్కున్నాడు. ఆమె చొక్కా వీపు మీద గోడ మీది పసుపంతా ఉంది. ఆయన చేతికీ అంటుకుంది.

పై మెట్టు మీంచి పెయింటరు గొంతు సవరించుకున్నాడు. "సార్, అడగడానికి నోరు రావడం లేదు గానీ, దీని మీద ఇప్పుడు ఒక్క పూత చాలదు."

"ఒక్క పూతా వద్దయ్యా," అన్నాడు తండ్రి. "గోడ ఇలాగే ఉంటుంది. పెళ్ళివాళ్ళ ఫొటోలకి పెద్దది చెప్పినట్టు దుప్పటి కడదాం."

చిన్నది గట్టిగా ఊపిరి వదిలింది. నిలిచింది. తన గోడ నిలిచింది.

"నేనొప్పుకోను," అంది పెద్దది.

అందరూ తిరిగి చూశారు.

తాళాలిచ్చింది ఆమె. దుప్పటి వేద్దామన్నది ఆమె. గోడని ఉండనీ అని పొద్దుట్నుంచీ తండ్రితో వాదించింది ఆమె. ఇప్పుడు కౌంటరు దాటి వచ్చి, కింద ఉన్న రోలరు తీసి, తెల్లరంగులో ముంచింది.

"అక్కా, ఏం చేస్తున్నావు?"

"గోడ మీద నీది ఉంది. నాన్నది ఉంది. నాదెక్కడుంది?"

"వెయ్యి అక్కా! నేను కాదన్నానా? ఏ పూలు కావాలో చెప్పు, మరిగించి ఇస్తాను."

"నాకు పూలొద్దే. పూలు చూస్తే నాకేం అనిపించడం లేదు. అమ్మ పోయిన రోజు కూడా ఏం అనిపించలేదు. మీరంతా ఏడుస్తున్నారు. నేను బండి ఎక్కడిదాకా వచ్చిందని ఫోన్లో అడుగుతున్నాను. గట్టిగా అడుగుతున్నాను, మీ ఏడుపులో వినబడటం లేదని. ధైర్యం గల పిల్ల అన్నారు. అది ధైర్యం కాదు. లోపల చూసుకుంటే ఏమీ లేదు. అంతా తెల్లగా ఉంది. పొద్దున లేచినా తెల్లగానే ఉంది, పడుకున్నా తెల్లగానే ఉంది."

రోలరు నుంచి తెల్లరంగు బొట్టు బొట్టుగా ఆమె పాదం మీద పడుతోంది. ఆమె చూసుకోలేదు.

"పెద్దదానా..." అంటూ తండ్రి ముందుకి అడుగేశాడు.

చిన్నది ఆయన చెయ్యి పట్టుకుంది. పొద్దుట్నుంచీ ఆ గోడకి తన ఒళ్ళు అడ్డం పెట్టిన పిల్ల. ఇప్పుడు అడ్డం వెళ్ళాలంటే ఒక్క అడుగు చాలు. కింది పెదవి కరిచిపట్టుకుంది.

"ఆగు నాన్నా. అక్క వంతు."

"మొత్తం పోతుందేమోనే!"

"పోతే పోనీ." తర్వాత పెయింటరు వైపు తలెత్తింది. "మీరు కొంచెం దిగుతారా? అక్కకి నిచ్చెన కావాలి."

ఆయన దిగి, నిచ్చెన కదలకుండా పట్టుకున్నాడు. పెద్దది ఎక్కింది. పై అంచున రోలరు ఆనించి, కిందకి లాగింది. వంకాయరంగు మీద, నల్ల ధారల మీద, చిన్నదానికి ఏడుపొచ్చిన చోటి మీద, తెల్లటి దారి ఒకటి పడింది. దాని పక్కనే ఇంకొకటి. మళ్ళీ ముంచింది. మళ్ళీ ఎక్కింది.

తండ్రి, చెల్లెలు, మేనత్త ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు.

ఆమె ఎక్కడ ఆపుతుందో వాళ్ళకి తెలీదు. ఆ రోలరు పట్టుకున్న మనిషికీ తెలీదు.

*

ఇక్కడ ఫోను పెట్టేస్తున్నాను, తిట్టుకోకండి.

మీకు తెలిసినవాళ్ళలో పెద్దది లాంటి మనిషి ఒకరుంటారు. ఇంట్లో కష్టమొస్తే అందరి పనీ తనే చూసి, "నాకేం, బాగానే ఉన్నాను" అనే మనిషి. ఈ కథ వాళ్ళకి పంపించండి. కింద ఏమీ రాయకండి, ఎలా ఉన్నావని అడగకండి. ఊరికే పంపించండి, చాలు.